విదేశంలో బండి నడిపేటప్పుడు ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం వైపు నుంచి డ్రైవర్ వీసా మీద గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళున్నారు. చదువుకి జర్మనీ, ఉద్యోగానికి అమెరికా వెళ్ళే పిల్లలున్నారు. వాళ్ళని చూడ్డానికి వెళ్ళి, ఖాళీగా కూర్చోలేక కారు తాళాలు అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు. స్టీరింగ్ తిప్పడం అందరికీ వచ్చు. చిక్కల్లా కూడలి దగ్గరే వస్తుంది: ముందు నేను వెళ్ళాలా, అవతలివాడు వెళ్ళాలా? మన దగ్గర ఆ సంగతి చూపులతో, హారన్‌తో, బండి సైజుతో తేలిపోతుంది. అక్కడ రాసిపెట్టి ఉంటుంది, అందరూ దాన్నే నమ్ముకుని నడుపుతారు.

రైట్ ఆఫ్ వే అంటే మనం అనే ‘సైడ్ ఇవ్వడం’ లాంటిదేనా?

దాదాపు అదే, ఒక్క తేడాతో. మన దగ్గర సైడ్ ఇవ్వడం మర్యాద కింద లెక్క. అక్కడ అది బాధ్యత. చాలా దేశాల చట్టాల్లో ‘ఫలానా వాడికి ముందు వెళ్ళే హక్కు ఉంది’ అని రాయరు, ‘ఫలానా వాడు దారి ఇవ్వాలి’ అని రాస్తారు. హక్కు అనేది ఎదుటివాడు ఇస్తేనే మీ చేతికొస్తుంది. అందుకే కూడలి దగ్గరపడుతున్నప్పుడు మనసులో అనుకోవాల్సిన మాట ఒకటే: ‘ఇక్కడ నేను ఎవరికి ఆగాలి?’ ఆగాల్సినవాళ్ళు ఎవరూ లేరని తేలాక కదలండి.

దారి ఇవ్వడం అంటే ఎంతవరకు అనీ అడుగుతారు. మీరు రోడ్డెక్కడం వల్ల అవతలి బండి బ్రేకు వేయాల్సిన పనిగానీ, పక్కకి కోయాల్సిన పనిగానీ పడకూడదు. మీరు దూరారు, అతను బ్రేకు తొక్కి మిమ్మల్ని తప్పించాడు అనుకోండి. గీత కూడా పడకపోయినా అక్కడి లెక్కలో మీరు దారి ఇవ్వనట్టే.

మన దేశంలో ఈ నియమాలు లేవా?

ఉన్నాయి. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఉన్నాయి, వాటి స్థానంలో 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనూ ఉన్నాయి. మెయిన్ రోడ్డు ఎక్కేవాడు దాని మీద వచ్చే బండ్లకి ఆగాలి. సిగ్నల్, బోర్డు, పోలీసు ఏదీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. అంబులెన్స్‌కి, ఫైరింజన్‌కి దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. లైసెన్సు పరీక్షకి చదివి అక్కడే వదిలేస్తాం గనక కొత్తగా అనిపిస్తుంది.

వదిలేయనిది ఒకటుంది. దిగపహండి దాటి తప్తపాని ఘాటీ ఎక్కే లోడు లారీని చూడండి. ఇరుకు మలుపులో ఎదురుపడితే దిగే బండి పక్కకి తీసి ఆగుతుంది. ఎక్కే లారీ ఆగిందంటే ఊపు పోతుంది. మళ్ళీ మొదటి గేరులో కదిలే లోపు వెనక్కి జారుతుంది, క్లీనర్ దిగి వెనక టైరు కింద రాయి పెట్టాల్సి వస్తుంది. దిగేవాడికి మళ్ళీ కదలడానికి బ్రేకు వదిలితే చాలు. సాలూరు నుంచి కోరాపుట్‌కి పోయే సుంకి ఘాటీలోనూ ఇదే పద్ధతి. మన చట్టంలో ఉన్న ఈ నియమమే బ్రిటన్ హైవే కోడ్‌లోనూ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకంలోనూ) ఉంది. ఎవరికి ఆగడం కష్టమో వాళ్ళకి దారి వదలడం అనే ఈ ఆలోచన పట్టుబడితే, కింద చెప్పే చాలా నియమాలకి కారణం దానంతట అదే తడుతుంది.

రోడ్డుకి కుడివైపు నడిచే దేశంలో ఏది తారుమారవుతుంది?

గల్ఫ్ దేశాలన్నీ, అమెరికా, కెనడా, జర్మనీ, ఫ్రాన్స్ కుడివైపు నడుస్తాయి. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్ ఓడెక్కిన మన పూర్వీకులు ఎడమవైపు నడిచే ఊళ్ళోనే దిగారు. మయన్మార్ కూడా 1970లో కుడికి మారిపోయింది. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, సింగపూర్, మలేషియా, దక్షిణాఫ్రికా మనలాగే ఎడమవైపు.

మొదట మారేది చూపు. మన దగ్గర కూడలిలోకి బండి ముక్కు పెట్టగానే ముందు దాటే సగంలో బండ్లు కుడి నుంచి వస్తాయి, అవతలి సగంలో ఎడమ నుంచి. అందుకే మన మెడ ముందు కుడికి తిరుగుతుంది. కుడివైపు నడిచే దేశంలో దగ్గరి సగంలో బండి ఎడమ నుంచి వస్తుంది. మీ మెడ అలవాటుగా కుడికి తిరిగి, ఖాళీ అనుకుని కదిలేసరికి ఎడమ నుంచి వచ్చినవాడు తలుపులో దూరుతాడు. చేయాల్సింది: ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ చూశాకే కదలడం. రోడ్డు నడిచి దాటేటప్పుడు కూడా ఇదే వరస. మొదటి రెండు రోజులు కారు తీయకుండా నడిచి దాటడం అలవాటు చేసుకుంటే మెడ సగం మారిపోతుంది.

రెండోది మలుపు. మన దగ్గర కుడి మలుపులో ఎదురు బండ్లని దాటాలి గనక వాళ్ళకి ఆగుతాం. అక్కడ ఆ పని ఎడమ మలుపుది. ఎడమకి తిరిగేవాడు ఎదురుగా నేరుగా వచ్చేవాళ్ళందరికీ ఆగాలి. మామూలు గుండ్రటి పచ్చ లైటు పడినా ఆగాల్సిందే. పచ్చ బాణం ఎడమకి చూపిస్తేనే ఎదురువాళ్ళకి ఎర్ర లైటు ఉందని అర్థం.

మారని గుర్తు ఒకటుంది: రోడ్డు మధ్య గీత ఎప్పుడూ డ్రైవరు పక్కనే ఉండాలి. ఇక్కడా అంతే, అక్కడా అంతే. రద్దీలో ఎవరూ తప్పు చేయరు, ముందు బండి వెనకే పోతారు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీదికి పెట్రోల్ బంకు నుంచి బయటికొచ్చేటప్పుడే పాత అలవాటు చేతుల్లోకి వచ్చి రాంగ్ సైడ్ ఎక్కిస్తుంది. బంకు వదిలే ముందు ‘గీత నా పక్కన’ అని పైకి అనుకోండి. పక్క సీటులో ఇంటివాళ్ళుంటే వాళ్ళతో అనిపించండి.

డిప్పర్ కొడితే అక్కడ ఏమని అర్థం?

ఈ ఒక్క జవాబైనా అందరూ చదవాలని మా కోరిక. మన దగ్గర డిప్పర్ కొట్టడం, అంటే హెడ్‌లైట్లు మిణుకుమనిపించడం, ‘వస్తున్నా, ఆగు’ అని చెప్పడానికి. బ్రిటన్‌లో చాలామంది డ్రైవర్లు అదే డిప్పర్‌ని ‘నేను ఆగాను, నువ్వు వెళ్ళు’ అనే అర్థంలో కొడతారు. మీరు ఆపమని కొట్టారు, అతను వెళ్ళమన్నారనుకుని ముందుకొచ్చాడు. ఇద్దరూ ఒకేసారి కదులుతారు. హైవే కోడ్ ప్రకారం డిప్పర్‌కి ఉన్న అర్థం ‘నేనిక్కడ ఉన్నాను’ అని తెలియజేయడం మాత్రమే. గల్ఫ్ హైవేల మీద ఎడమ చివరి లేన్‌లో వెనక నుంచి డిప్పర్ పడితే ‘పక్కకి తప్పుకో’ అని.

దేశానికో అర్థం ఉన్నప్పుడు చేయగలిగింది ఇదే: కూడలిలో మీరు డిప్పర్ కొట్టకండి, ఎవరో కొట్టారని కదలకండి. అవతలి బండి చక్రాలు నిజంగా ఆగాయా అని చూసి కదలండి. హారన్ సంగతీ అంతే. ‘హారన్ ప్లీజ్’ అని ఏ లారీ వెనకా ఉండదు. అక్కడ హారన్ అంటే ప్రమాద హెచ్చరిక, లేదా తిట్టు.

భాష రాని దేశంలో బోర్డులు ఎలా చదవాలి?

మనకి ఇది కొత్త కాదు. ఇచ్ఛాపురం దాటి గిరిసోల రాగానే బోర్డు మీద లిపి మారుతుంది, గుర్తు మారదు. తెలుగు మాత్రమే చదవగలిగినవాళ్ళు బరంపురంలో, ఒడియా మాత్రమే వచ్చినవాళ్ళు శ్రీకాకుళంలో ఆకారాన్ని చూసే నడుపుతున్నారు. విదేశంలోనూ ఆకారాన్నే చదవాలి.

ఎనిమిది మూలల ఎర్ర బోర్డు అంటే పూర్తిగా ఆగాలి. లోపల అరబ్బీ ఉన్నా, ఫ్రెంచి ఉన్నా అర్థం అదే. తలకిందుల త్రికోణం, ఎర్ర అంచు: దారి ఇవ్వాలి, ఎవరూ లేకపోతే ఆగనక్కర్లేదు. ఈ రెండింటికీ వేరే ఏ బోర్డుకీ లేని ఆకారం ఇచ్చారు గనక మంచు కప్పినా, వెనక నుంచి చూసినా తెలుస్తాయి. పక్క రోడ్డులో బోర్డు వీపు ఎనిమిది మూలలుగా కనిపిస్తే అవతలివాడు ఆగాలని మీకు అర్థమైపోతుంది. జపాన్ మాత్రం వేరు: అక్కడ ‘ఆగు’ బోర్డు తలకిందుల ఎర్ర త్రికోణం. దాన్ని దారి ఇచ్చే బోర్డనుకుని మెల్లగా దాటేయకండి.

యూరప్‌లో ఇంకొకటి, మనం ఎప్పుడూ చూడనిది: తెల్ల అంచు ఉన్న పసుపు వజ్రం ఆకారం. మీరున్నది ప్రాధాన్య రోడ్డు, పక్కల నుంచి వచ్చేవాళ్ళు మీకు ఆగుతారు. అదే వజ్రం మీద అడ్డంగా నల్ల గీతలు కొట్టేసి ఉంటే ఆ ప్రాధాన్యం అయిపోయింది. నెదర్లాండ్స్‌లో రోడ్డు మీద వరసగా తెల్లటి త్రికోణాలు, సొరచేప పళ్ళలా, మొనలు మీ వైపు తిరిగి ఉంటాయి. అంటే మీరే ఆగాలి.

ఫ్రాన్స్, జర్మనీల్లో ‘కుడివాడిదే ముందు’ అంటారు. ఎంత చిన్న రోడ్డుకైనానా?

అవును, ఎంత చిన్నదైనా. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే గనక కాస్త వివరంగా చెబుతాం.

సిగ్నల్, బోర్డు, ప్రాధాన్యం చెప్పే గీత ఏదీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి మీరు దారి ఇవ్వాలి. మీరు వెడల్పు రోడ్డు మీద ఉన్నా, అతను సందులోంచి వస్తున్నా అంతే. మన బుర్రలో ‘పెద్ద రోడ్డే మెయిన్ రోడ్డు’ అని ముద్ర పడి ఉంటుంది. అక్కడ వెడల్పుకి విలువ లేదు, బోర్డుకే విలువ.

జర్మనీలో ఇళ్ళ మధ్య 30 కిలోమీటర్ల వేగం ఉన్న వీధులని ఊహించుకోండి. కుడివైపు వరసగా కార్లు నిలిపి ఉంటాయి. వాటి వెనక సందు మొదలు కనిపించదు. మీరు నేరుగా చూస్తూ పోతుంటే ఆ కార్ల మధ్య నుంచి ఒక బండి ముక్కు బయటికొస్తుంది. అతను మీ వైపు చూడను కూడా చూడడు, ఎందుకంటే అతను చూడాల్సింది తన కుడివైపు. తప్పు పూర్తిగా మీదవుతుంది. అందుకని ప్రతి సందు మొదటికీ ముందే యాక్సిలరేటర్ వదలండి, కాలు బ్రేకు మీదికి తెచ్చి కుడికి చూడండి, ఖాళీ ఉంటేనే మళ్ళీ కాలు మార్చండి. వెనకవాడు విసుక్కున్నా పరవాలేదు. అతనూ అదే చేస్తున్నాడు.

మినహాయింపులున్నాయి. ఇంటి గేటు నుంచి, పార్కింగ్ నుంచి, పెట్రోల్ బంకు నుంచి, పొలం బాట నుంచి వచ్చేవాడికి కుడివైపున్నా ప్రాధాన్యం లేదు. జర్మనీలో ఫుట్‌పాత్ అంచు కిందికి దించి, దాని మీదుగా రోడ్డెక్కేలా ఉంటే అది కూడా గేటు కిందే లెక్క.

ఫ్రాన్స్‌లో ఎర్ర త్రికోణంలో నల్లటి గుణకారం గుర్తు కనిపిస్తే ‘రాబోయే కూడలిలో కుడివాడిదే’ అని హెచ్చరిక. జర్మనీలో ప్రాధాన్య రోడ్డు ఒక్కోసారి కూడలిలో వంపు తిరుగుతుంది. పసుపు వజ్రం కింద చిన్న తెల్ల పలక మీద లావు గీత ఆ వంపుని చూపిస్తుంది. లావు గీత వెంట పోయినా మీరు తిరిగినట్టే లెక్క గనక ఇండికేటర్ వేయాలి. నేరుగా పోతే వేయక్కర్లేదు.

నాలుగు వైపుల నుంచీ నాలుగు బండ్లు ఒకేసారి వస్తే? అందరికీ కుడివైపు ఒకడుంటాడు, ఎవరూ కదలలేరు. అప్పుడు ఒకరు చేతితో ‘వెళ్ళు’ అని సైగ చేసి తన వంతు వదులుకుంటారు. కొత్తవారు మీరే గనక మీరే వదులుకోండి.

రౌండబౌట్‌లో (మధ్య దిమ్మె చుట్టూ తిరిగి పోయే కూడలిలో) ఎవరికి ఆగాలి?

లోపల తిరుగుతున్నవాడికి. ఎడమవైపు నడిచే దేశాల్లో బండ్లు గడియారం ముల్లులా తిరుగుతాయి, కాబట్టి లోపలివాడు మీ కుడి నుంచి వస్తాడు. కుడివైపు నడిచే దేశాల్లో తిరుగుడు అపసవ్యం, లోపలివాడు ఎడమ నుంచి వస్తాడు. దుబాయ్‌లో రౌండబౌట్ ముందు ఆగి కుడికి చూస్తూ కూర్చునే కొత్త డ్రైవరు చేసే పొరపాటు ఇదే.

ఈ నియమం ఎందుకంటే, వచ్చేవాడికి ప్రాధాన్యం ఇస్తే వలయం నిండిపోతుంది, లోపలివాళ్ళు బయటపడలేరు, ముడి పడిపోతుంది. బ్రిటన్ 1966లో దీన్ని నియమంగా పెట్టాక రౌండబౌట్లు సాఫీగా నడిచాయి. పాత పద్ధతి ఇంకా మిగిలిన చోటు పారిస్‌లో ఆర్క్ ద ట్రియాంఫ్ చుట్టూ ఉన్న పెద్ద వలయం. అక్కడ లోపలికి వచ్చేవాడిదే ముందు. కొత్తవాళ్ళు ఆ వైపు కారు తీయకపోవడమే మంచిది.

ఇండికేటర్ కూడా దారి ఇవ్వడంలో భాగమే, ఎందుకంటే బయట ఆగినవాడు మీ లైటు చూసే కదులుతాడు. బయటికి తిరిగే ముందు తప్పకుండా వేయండి. జర్మనీలో లోపలికి వెళ్ళేటప్పుడు వేయకూడదు, వచ్చేటప్పుడే వేయాలి. అలాగని ఎదుటివాడి ఇండికేటర్‌ని మాత్రం నమ్మకండి. అతని ముందు చక్రాలు తిరిగాయా అని చూడండి.

అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉంటే వరస ఏమిటి?

ముందు వచ్చి ఆగినవాడు ముందు వెళ్తాడు. ఇద్దరు ఒకేసారి ఆగితే కుడివైపున్నవాడు ముందు. ఎదురెదురుగా ఆగి ఇద్దరూ నేరుగా పోతుంటే ఇద్దరూ ఒకేసారి కదలవచ్చు. ఒకడు ఎడమకి తిరుగుతుంటే అతను రెండోవాడికి ఆగాలి.

ఆగడం అంటే నిజంగా ఆగడం. తెల్లగీత ఉంటే దాని ముందు, లేకపోతే మనుషులు దాటే చోటికి ముందు, అదీ లేకపోతే అడ్డరోడ్డు కనిపించే చోట. బ్రేకు తొక్కగానే బండి ముక్కు కిందికి వంగుతుంది. పూర్తిగా ఆగాక వెనక్కి సర్దుకుని కూర్చుంటుంది. ఆ కూర్చోవడం నడుముకి తెలిసిందాకా మీరు ఆగినట్టు కాదు. మెల్లగా దొర్లించి పోతే పోలీసు కంట పడ్డప్పుడు టికెట్ ఖాయం.

మీ వంతు వచ్చాక తటపటాయించకండి. మర్యాదకి ‘ముందు మీరు’ అని చెయ్యూపితే ఇద్దరూ ఆగి, ఇద్దరూ కదిలి, మళ్ళీ ఇద్దరూ ఆగుతారు. సిగ్నల్ లైట్లు పూర్తిగా ఆరిపోతే చాలా రాష్ట్రాల్లో ఆ కూడలిని నాలుగు స్టాపుల కూడలిగానే చూడాలి. మిణుకుమనే ఎర్రలైటు స్టాప్ బోర్డుతో సమానం. మిణుకుమనే పసుపు అంటే జాగ్రత్తగా సాగండని. జర్మనీలో రాత్రిళ్ళు సిగ్నల్ పసుపు మిణుకుతుంటే దాని పక్కన ఉన్న బోర్డు చెప్పింది చేయాలి.

ఎర్రలైటు మీద ‘ఫ్రీ లెఫ్ట్’ అక్కడ ఉంటుందా?

మన ఫ్రీ లెఫ్ట్ అలవాటు బ్రిటన్‌లో నేరం. ఆస్ట్రేలియాలో బోర్డు ఒప్పుకున్న చోట మాత్రమే చెల్లుతుంది. అమెరికాలో దీనికి అద్దం లాంటిది ఉంది: ఎర్రలైటు మీద పూర్తిగా ఆగి, మనుషులకీ ఎడమ నుంచి వచ్చే బండ్లకీ దారి ఇచ్చి కుడికి తిరగవచ్చు, వద్దని బోర్డు లేకపోతే. న్యూయార్క్ నగరంలో మామూలుగా కుదరదు. కెనడాలో మాంట్రియల్ దీవి మీద కూడా కుదరదు. వెనకవాడు హారన్ కొట్టినా తిరిగి తీరాలన్న నిర్బంధం లేదు. యూరప్‌లో బోర్డో బాణమో ఒప్పుకుంటే తప్ప ఎర్రలైటంటే ఎర్రలైటే.

స్కూలు బస్సు ఆగితే ఎందుకంత హడావుడి?

అమెరికా, కెనడాల్లో పసుపు స్కూలు బస్సు ఎర్ర లైట్లు మిణుకుతూ పక్కనుంచి చిన్న స్టాప్ బోర్డు చాపితే వెనకవాళ్ళే కాదు, ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా ఆగాలి. పిల్లలు బస్సు దిగి దాని ముందు నుంచే రోడ్డు దాటుతారు, బస్సు అడ్డంగా ఉండి మీకు కనిపించరు. బోర్డు ముడుచుకుని లైట్లు ఆరేదాకా కదలకూడదు. మధ్యలో డివైడర్ ఉంటే ఎదురువైపువాళ్ళు ఆగనక్కర్లేదని ఎక్కువ రాష్ట్రాల నియమం. యూఏఈలో కూడా స్టాప్ బోర్డు చాపిన స్కూలు బస్సుకి కనీసం 5 మీటర్ల దూరంలో ఆగాలి. ఆగకపోతే 1,000 దిర్హాములు, 10 బ్లాక్ పాయింట్లు (తప్పులకి లైసెన్సు మీద పడే మార్కులు). జర్మనీలో బస్సు స్టాపులో హజార్డ్ లైట్లు వేసుకుని నిలబడితే రెండు వైపులవాళ్ళూ మనిషి నడిచే వేగంతోనే దాటాలి.

నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి?

మన దగ్గర రోడ్డు మీద మనిషి కనిపిస్తే వెనక నుంచో ముందు నుంచో తప్పించి పోతాం, అతనూ మనల్ని తప్పించుకుంటాడు. అక్కడ జీబ్రా గీతల మీద అడుగు పెట్టిన మనిషి మిమ్మల్ని చూడకుండానే నడుస్తాడు, మీరు ఆగుతారన్న నమ్మకంతో. తప్పించి పోవాలని చూస్తే ఆ నమ్మకమే అతన్ని చంపుతుంది.

మీరు కూడలిలో తిరుగుతున్నప్పుడు, ఏ రోడ్డులోకి తిరుగుతున్నారో ఆ రోడ్డు దాటే మనిషికి ఆగాలి. బ్రిటన్‌లో 2022 జనవరి 29 నుంచి దాటడానికి అంచున నిలబడి ఎదురుచూసే మనిషికి కూడా దారి వదలాలని హైవే కోడ్ చెబుతోంది. జీబ్రా దగ్గర ముందు బండి ఆగి ఉంటే దాన్ని ఓవర్‌టేక్ చేయకండి. అది ఆగిందంటే దాని ముందు మీకు కనిపించని మనిషి ఉన్నట్టు.

సైకిళ్ళు జర్మనీ, నెదర్లాండ్స్‌లో మీ కుడి పక్కన వేరే బాటలో మీ వేగంతో సమానంగా వస్తుంటాయి. కుడికి తిరిగే ముందు అద్దం చాలదు, భుజం మీదుగా తల తిప్పి చూడాలి. నెదర్లాండ్స్‌లో ‘కుడివాడిదే ముందు’ అన్న నియమం సైకిలుకీ వర్తిస్తుంది.

అంబులెన్స్ వస్తే ఏ వైపుకి జరగాలి?

అమెరికాలో కుడి అంచుకి జరిగి ఆగాలి. జర్మనీలో హైవే మీద బండ్లు నెమ్మదించి ఆగుతున్నాయనగానే, సైరన్ వినిపించకముందే, ఎడమ చివరి లేన్‌వాళ్ళు ఎడమకి, మిగతా లేన్లవాళ్ళంతా కుడికి జరిగి మధ్యలో దారి తెరిచి ఉంచాలి. తెరవకపోతే 200 యూరోల నుంచి జరిమానా, లైసెన్సు మీద నెల నిషేధం. ఆ ఖాళీ చూసి మన అలవాటు కొద్దీ దూరితే తప్పు ఇంకా పెద్దది. యూఏఈలో అత్యవసర బండికి దారి ఇవ్వకపోతే 3,000 దిర్హాములు, 6 బ్లాక్ పాయింట్లు, బండి 30 రోజులు పోలీసుల దగ్గర.

గల్ఫ్‌కి డ్రైవర్‌గా వెళ్తున్నాను. ప్రత్యేకంగా ఏం తెలుసుకోవాలి?

యూఏఈలో నివాస వీసా పడ్డాక మన లైసెన్సుతో నడపకూడదు. అక్కడి పరీక్ష రాసి అక్కడి లైసెన్సు తీసుకోవాలి. బ్లాక్ పాయింట్లు 24కి చేరితే లైసెన్సు ఆగిపోతుంది, డ్రైవర్‌కి అది ఉద్యోగం పోవడమే. ఎర్రలైటు దాటితే 12 పాయింట్లు, 1,000 దిర్హాములు, బండి 30 రోజులు లోపల. నడిచేవాళ్ళకి దారి ఇవ్వకపోతే 6 పాయింట్లు, 500 దిర్హాములు. లెక్క వేసుకోండి: రెండు ఎర్రలైట్లతో 24 అయిపోతాయి. ఈ మొత్తాలు ప్రభుత్వం మారుస్తుంటుంది గనక చేరగానే తాజా పట్టిక చూసుకోండి.

పసుపు అడ్డగీతల గళ్ళున్న కూడలిలో, అవతల మీ బండి పట్టే జాగా కనిపించేదాకా లోపలికి వెళ్ళకండి. పచ్చలైటు ఉన్నా సరే. చిన్న ప్రమాదమైనా పోలీసు రిపోర్టు లేకుండా అక్కడ గ్యారేజీవాళ్ళు బండి బాగుచేయరు, కాబట్టి మనలా మాట్లాడుకుని సర్దుకుపోవడం కుదరదు.

ఎడమవైపు నడిచే దేశమైతే మనకి సులువే కదా?

స్టీరింగ్ సులువే, నియమాలు వేరు. బ్రిటన్‌లో ఏ గీతా బోర్డూ లేని కూడలిలో కుడివాడికి గానీ ఎడమవాడికి గానీ ప్రాధాన్యం లేదు. అందరూ మెల్లగా, చూసుకుని పోవాలి. ఆస్ట్రేలియాలో అలాంటి కూడలిలో కుడివాడికి ఆగాలి, కానీ టీ ఆకారపు జంక్షన్‌లో ముగిసిపోయే రోడ్డువాడు సాగిపోయే రోడ్డువాళ్ళందరికీ ఆగాలి. మెల్‌బోర్న్ నడిబొడ్డున కొన్ని కూడళ్ళలో కుడికి తిరగాలంటే ఎడమ అంచున చేరి, కూడలిలోకి వెళ్ళి, అడ్డరోడ్డుకి పచ్చలైటు పడేదాకా ఆగి తిరగాలి. ట్రాములకి మధ్య దారి వదలడానికి ఆ ఏర్పాటు. రోడ్డు మధ్యలో ట్రాము ఆగి తలుపులు తెరిస్తే దాని వెనకే ఆగండి. జనం మీ ముందుకే దిగుతారు.

న్యూజిలాండ్‌లో పల్లెల్లో ఒక్క లేన్ వంతెనలు చాలా ఉంటాయి. బోర్డు మీద రెండు బాణాలు: చిన్న ఎర్ర బాణం మీ దిక్కుదైతే మీరు ఆగాలి, పెద్ద బాణం మీదైతే ఎదురువాళ్ళు ఆగుతారు. అక్కడ 2012 మార్చి 25న మలుపు నియమం మారింది. అంతకుముందు వెళ్ళొచ్చిన బంధువులు చెప్పిన మాట ఇప్పుడు చెల్లదు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఎక్కడ తీసుకోవాలి?

మీ జిల్లా ఆర్టీవో ఆఫీసులో, లేదా పరివాహన్ సారథి వెబ్‌సైట్‌లో. ఫారం 4ఏ, లైసెన్సు, పాస్‌పోర్ట్ ప్రతులు, ఫోటోలు, 1,000 రూపాయల ఫీజు. గడువు ఒక్క ఏడాది, పొడిగించరు, కొత్తది తీసుకోవాలి. ఒరిజినల్ లైసెన్సు పక్కన లేకపోతే పర్మిట్ చెల్లదు. చైనా దీన్ని అంగీకరించదు. బ్రిటన్‌లో మన లైసెన్సుతో 12 నెలలు, జర్మనీలో స్థిరపడ్డాక 6 నెలలు నడపవచ్చు. అమెరికాలో రాష్ట్రానికో నియమం.

నాకే ప్రాధాన్యం ఉన్నప్పుడు గుద్దుకుంటే తప్పు ఎవరిది?

బోర్డు మీ వైపున్నా, ఆపగలిగి ఉండి ఆపలేదని తేలితే కొంత బాధ్యత మీ మీదికీ రావచ్చు. బండ్లు కదల్చే ముందు, అక్కడి చట్టం ఒప్పుకుంటే, ఫోటోలు తీయండి: నాలుగు మూలల బోర్డులు, రోడ్డు మీద గీతలు, చక్రాలు ఏ గీత దగ్గర ఉన్నాయో. సొట్టపడిన తలుపు ఫోటో కన్నా ఇవే పనికొస్తాయి.

యూరప్‌లో ఇద్దరు డ్రైవర్లూ కలిసి నింపే ఉమ్మడి ప్రమాద ఫారం ఉంటుంది. అందులో 17 గళ్ళు. పదహారోది ‘కుడి నుంచి వస్తున్నాను’, పదిహేడోది ‘ప్రాధాన్య బోర్డునో ఎర్రలైటునో పాటించలేదు’. ఏ గడిలో టిక్ పడిందో దాన్నిబట్టే బీమా కంపెనీలు తేలుస్తాయి. అర్థం కాని భాషలో నింపిన కాగితం మీద సంతకం పెట్టకండి. అదే వరసలో గళ్ళున్న ఇంగ్లీషు ప్రతిని ముందే ప్రింట్ తీసి కారులో ఉంచుకోండి.

వెళ్ళే ముందు ఇక్కడే ఎలా అలవాటు చేసుకోవాలి?

ఊరి రోడ్డు ఎన్‌హెచ్-16ని కలిసే ప్రతి చోటా పూర్తిగా ఆగడం మొదలుపెట్టండి, ఖాళీగా ఉన్నా సరే. రెండు వారాల్లో కాలికి అలవాటవుతుంది. అరుగు మీద సుద్దతో కూడలి గీసి, అగ్గిపెట్టెలు నాలుగు పెట్టి, కుడివైపు నడిచే దేశంలో ఎవరు ఎవరికి ఆగాలో ఇంటివాళ్ళతో ఆడి చూడండి. ఎడమ మలుపు, రౌండబౌట్, స్టాప్ బోర్డు, ఈ మూడూ తడుముకోకుండా చెప్పగలిగితే సిద్ధమైనట్టే. అక్కడ కారు తీసుకున్నాక పార్కింగ్‌లోనే పది నిమిషాలు కూర్చుని ఇండికేటర్, వైపర్ చేతుల్లోకి తెచ్చుకోండి. వైపు మారిన కొత్తలో తిరుగుదామంటే వైపర్ ఆడుతుంది, వెనకవాడికి మీ ఉద్దేశం తెలియదు.

తిరిగొచ్చాక?

ఇది ఎవరూ అడగరు గానీ అడగాల్సిన ప్రశ్న. రెండేళ్ళు అక్కడ నడిపి భువనేశ్వర్‌లోనో విశాఖలోనో దిగినవాళ్ళు, పక్క రోడ్డువాడు ఆగుతాడనుకుని వేగం తగ్గించకుండా కూడలి దాటుతారు. వాడు ఆగడు. జీబ్రా మీద మనిషిని చూసి చటుక్కున ఆపితే వెనక లారీ ఆపలేదు. మనిషికి ఆగండి, మానకండి. కాకపోతే ముందు అద్దంలో వెనక చూసి, రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు తొక్కి ఎర్రలైటు చూపించి, అప్పుడు ఆపండి. రోడ్డు మధ్య గీత మళ్ళీ మీ కుడి పక్కకి వచ్చిందని మొదటి వారం గుర్తుపెట్టుకోండి.